ఊరి పక్క అడవిలో నాటామన్న మొక్కలు బతికున్నాయా లేవా, మీరే లెక్క చూసుకోవడం ఎలా

"బోర్డు మీద పది హెక్టార్లు, పదకొండు వేల మొక్కలు అని రాసుంది, లోపల చూస్తే తుప్పలూ గడ్డే కనిపిస్తున్నాయి, ఎవరికి కంప్లయింట్ చేయాలి?" ఇదే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతున్నారు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టడాన్ని సుప్రీంకోర్టు తనంతట తానే కేసుగా తీసుకుని ఆపించాక, అడవుల కేసుల్లో కోర్టుకి రిపోర్టు ఇచ్చే కేంద్ర సాధికార కమిటీ (సీఈసీ) వాళ్ళు వచ్చి చూసి వెళ్ళాక, అడిగేవాళ్ళు ఇంకా పెరిగారు. అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నా.

ఎవరికి చెప్పాలి అనేది చివరి స్టెప్పండి. అంతకంటే ముందు మీ చేతిలో మీ సొంత లెక్క ఉండాలి, ఆ లెక్క ఇంకెవరైనా వెళ్ళి మళ్ళీ తీసినా దాదాపు అంతే రావాలి. నాలుగు ఫోటోలు, "మొత్తం ఎండిపోయాయి" అనే ఒక మాట పట్టుకుని వెళ్తే ఆఫీసులో ఇంకో నాలుగు పచ్చని ఫోటోలు చూపిస్తారు, అక్కడితో అయిపోతుంది.

ఇది ముఖ్యంగా కంపా డబ్బుతో వేసిన ప్లాంటేషన్ల కోసం రాస్తున్నా. ప్రాజెక్టుకో, గనికో, రోడ్డుకో అడవి భూమి ఇచ్చినప్పుడు బదులుగా ఇంకోచోట అడవి పెంచాలి, ఆ ఖర్చు అడవి తీసుకున్నవాళ్ళే కట్టాలి, ఆ డబ్బు 2016 చట్టం ప్రకారం కంపా ఫండులోకి వెళ్తుంది. అటవీయేతర భూమి ఇస్తే పోయినంత విస్తీర్ణం, పాడైన అడవిలో పెంచడానికి ఒప్పుకున్న కేసుల్లో దానికి రెట్టింపు. కాగితం మీద ఇంతే, నేల మీద ఎలా ఉంటుందో కాగ్ 2013 రిపోర్టులో ఉంది: 2006-12 మధ్య దేశం మొత్తం మీద రావాల్సిన అటవీయేతర భూమి 1,03,381 హెక్టార్లు అయితే వచ్చింది 28,086 హెక్టార్లు, అంటే 27 శాతం. ఊళ్ళల్లో వేసిన మిగతా ప్లాంటేషన్లకి కూడా లెక్క తీసే పద్ధతి ఇదే, కాగితాల పేర్లు మాత్రం మారతాయి.

కావాల్సినవి

- జీపీఎస్ ఉన్న ఫోను, నెట్ లేకపోయినా మ్యాప్ మీద పాయింట్లు చూపించే ఏదైనా యాప్
- ఇంట్లో కంప్యూటర్, అందులో గూగుల్ ఎర్త్
- 11.28 మీటర్ల తాడు (ఎందుకింత కచ్చితంగా అనేది కింద చెప్తా), ఒక టేపు
- సుద్దముక్కలు, నోట్‌బుక్, రెండు పెన్నులు
- ముగ్గురు మనుషులు, వాళ్ళలో ఒకరు మొక్కల్ని ఆకు చూసి గుర్తుపట్టే ఊరి మనిషి. పశువులు కాసేవాళ్ళు, తునికాకు కోసేవాళ్ళు దొరికితే అంతకంటే మంచోళ్ళు ఉండరు
- ఓపిక, కాగితాలు రావడానికే నెలా రెండు నెలలు పడుతుంది

1. ఒకే ఒక్క ప్లాంటేషన్ పట్టుకోండి

మండలం మొత్తం చూసేద్దాం అనుకోకండి. ఒకటి ఎంచుకుని దాని అడ్రసు పక్కాగా రాసుకోండి: బ్లాకు పేరు, కంపార్ట్‌మెంట్ నంబరు, బీటు, రేంజి (ఇవన్నీ అటవీ శాఖ అడవిని పంచుకున్న భాగాల పేర్లు), ఏ స్కీము, ఏ సంవత్సరం, ఎన్ని హెక్టార్లు, మొక్కకీ మొక్కకీ ఎడం ఎంత. ఇవన్నీ మామూలుగా సైటు దగ్గర బోర్డు మీదే ఉంటాయి, రోడ్డు మీద నుంచే ఫోటో తీసుకోవచ్చు. నాటి రెండు మూడేళ్ళైన ప్లాంటేషన్ అయితే మంచిది, ఎందుకంటే నాటిన ఏడాది ఎక్కడైనా పచ్చగానే ఉంటుంది, అసలు సంగతి రెండో ఎండాకాలం దాటాకే తెలుస్తుంది.

2. కాగితాలు తెప్పించుకోండి

ముందు ఫ్రీగా దొరికేవి చూడండి. ఏ ప్రాజెక్టుకి బదులుగా వేశారో తెలిస్తే పరివేష్ అనే కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల సైట్‌లో ఆ ప్రాజెక్టు పర్మిషన్ లెటర్ వెతకండి, ఎక్కడ ఎన్ని హెక్టార్లలో నాటాలి అనే కండిషన్లు అందులో ఉంటాయి. ఈ-గ్రీన్ వాచ్ అనే సైట్‌లో కంపా ప్లాంటేషన్ల హద్దులు మ్యాపు మీద పెట్టారు. అక్కడ మీ ప్లాంటేషన్ కనపడకపోతే కంగారు పడొద్దు, వెంటనే "అసలు లేదు" అని ముద్ర కూడా వేసేయొద్దు, ఆర్టీఐలో అడగండి.

ఆర్టీఐ అప్లికేషన్ డీఎఫ్ఓ (జిల్లా స్థాయి అటవీ అధికారి) ఆఫీసులో ఉండే పీఐఓకి (సమాచారం ఇచ్చే అధికారికి) పెట్టండి. ఇవి అడగాలి:

- ప్లాంటేషన్ జర్నల్ (నాటడం, చూసుకోవడం తేదీలతో రాసే రిజిస్టరు) పూర్తి కాపీ
- మంజూరైన ఎస్టిమేటు, ట్రీట్‌మెంట్ మ్యాప్ (ఎక్కడ ఏ పని చేయాలో చూపే మ్యాపు)
- ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకం) ఆ పనికి సంబంధించిన పేజీలు, ఓచర్లు
- ఏ నర్సరీ నుంచి ఏ రకం మొక్కలు ఎన్ని, ఏ తేదీన వచ్చాయి
- హద్దుల కేఎంఎల్ ఫైలు (గూగుల్ ఎర్త్‌లో తెరుచుకునే మ్యాపు ఫైలు)
- డిపార్ట్‌మెంట్ గానీ బయటి సంస్థ గానీ ఇంతకుముందు బతికిన మొక్కల శాతం లెక్కేసి ఉంటే ఆ రిపోర్టు
- వీటితో పాటు, సెక్షన్ 2(జె) కింద ఆ పనిని స్వయంగా చూసే అవకాశం, అంటే ఇన్‌స్పెక్షన్

చివరిది చాలామంది మర్చిపోతారు. ఆర్టీఐ అంటే కాగితాల కాపీలే అనుకుంటాం గానీ ప్రభుత్వ పనిని వెళ్ళి చూసే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది, దాని ద్వారా వెళ్తే మీరు లోపలికి వెళ్ళడానికి రాతపూర్వకంగా ఒక ఆధారం దొరుకుతుంది.

"జిల్లాలో అన్ని ప్లాంటేషన్ల వివరాలు ఇవ్వండి" అని అడిగితే అది పెద్ద పని, ఆఫీసు పనికి అడ్డం అని పక్కన పెట్టే వీలుంది. ఒక ప్లాంటేషన్, ఒక కంపార్ట్‌మెంట్, ఇన్ని సంవత్సరాలు అని కట్ చేసి అడగండి. కూలీల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు అడగొద్దు, అవి మీకు అక్కర్లేదు పైగా వాటి సాకుతో మొత్తం అప్లికేషన్ ఆగిపోతుంది. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోయినా అరకొరగా వచ్చినా తర్వాతి 30 రోజుల్లో ఫస్ట్ అప్పీల్ వేయండి, అక్కడా పని కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కి సెకండ్ అప్పీల్.

కాగితాలు వచ్చాక తేదీలు పక్కపక్కన పెట్టి చదవండి. జర్నల్‌లో నాటిన తేదీ, ఓచర్‌లో కూలి ఇచ్చిన తేదీ, నర్సరీ నుంచి మొక్కలు బయల్దేరిన తేదీ, ఆ నెల పడ్డ వాన. మొక్కలు రాకముందే నాటినట్టు ఉంటే అదొక ప్రశ్న. వానలు వెళ్ళిపోయాక అక్టోబరు చివర్లో నాటినట్టు ఉంటే అది వేరే ప్రశ్న, అక్కడ మొక్క చావడానికి కారణం బీటు ఆఫీసర్ కాకపోవచ్చు, డబ్బు ఎప్పుడు విడుదలైంది అనేది కూడా చూడాలి.

3. ఇంట్లో కూర్చుని మ్యాప్ చూడండి

కేఎంఎల్ ఫైలుని గూగుల్ ఎర్త్‌లో తెరిచి, పాత సంవత్సరాల ఫోటోలు వెనక్కి తిప్పండి. మూడు విషయాలు చూడాలి. హద్దు లోపల విస్తీర్ణం బోర్డు మీద రాసినంత వస్తుందా, నాటకముందే అక్కడ చిక్కటి అడవి ఉందా, హద్దు వెళ్ళి చెరువు మీదో రోడ్డు మీదో ఇంకో ప్లాంటేషన్ హద్దు మీదో పడుతుందా. నాటకముందే చిక్కటి అడవి ఉంటే ఇప్పుడు కనపడే పచ్చదనం ప్లాంటేషన్ ఖాతాలోకి రాదు.

ఇక్కడే అందరూ పొరపాటు పడేది. సెంటినెల్-2 శాటిలైట్ ఫోటోలు 2015 నుంచి ఫ్రీగా ఉన్నాయి, బాగా పనికొస్తాయి, కానీ అందులో ఒక్కో చుక్క 10 మీటర్లు. నడుం ఎత్తు మొక్క అందులో కనపడదు. అక్టోబరు ఫోటోలో పచ్చగా ఉన్నది గడ్డి కావచ్చు, ఏప్రిల్ ఫోటోలో బూడిద రంగులో ఉన్నది ఆకు రాల్చిన బతికున్న టేకు కావచ్చు. అందుకని ఎప్పుడూ అదే నెలని వేరే సంవత్సరాల్లో అదే నెలతోనే పోల్చండి, శాటిలైట్ చూసి బతికిన శాతం మాత్రం చెప్పొద్దు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి సొంతూరి అడవి కోసం ఏం చేయగలం అని అడిగేవాళ్ళకి ఈ స్టెప్పు సరిగ్గా సరిపోతుంది, ఊళ్ళో ఉన్నవాళ్ళకి కంప్యూటర్, టైము ఉండవు, మీకు ఉంటాయి. ఆర్టీఐ మాత్రం భారత పౌరులే వేయాలి, పౌరసత్వం మారినవాళ్ళు ఊళ్ళో ఉన్నవాళ్ళ చేత వేయించండి.

4. ఎక్కడ చూడాలో ఇంట్లోనే తేల్చేయండి

మొత్తం ఆడిట్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. అక్కడికి వెళ్ళాక "ఇటు చూద్దాం రండి" అని ఎవరు తీసుకెళ్ళినా, వాళ్ళు డిపార్ట్‌మెంట్ వాళ్ళైనా కోపంగా ఉన్న ఊరివాళ్ళైనా, మీ లెక్క పోయినట్టే. ట్యాంకర్ వెళ్ళే దారి పక్కన వరసలు ఎప్పుడూ బాగుంటాయి, దూరంగా బండల పక్కన ఎప్పుడూ బాగోవు, రెండిట్లో ఏ ఒక్కటీ ప్లాంటేషన్ మొత్తాన్ని చూపించదు.

గూగుల్ ఎర్త్‌లో హద్దు మీద గళ్ళు గీసి, గళ్ళకి నంబర్లేసి, చీటీలు తీయండి. పది హెక్టార్లకి 10 పాయింట్లు తీసుకోండి, ఎక్కువ తీస్తే ఇంకా మంచిదే. ప్రతి పాయింట్ అక్షాంశం రేఖాంశం రాసి, వెళ్ళే ముందురోజు ఆ లిస్టుని మీ టీమ్ అందరికీ మెసేజ్ చేసేయండి, తేదీ టైముతో సహా రికార్డ్ ఉంటుంది, తర్వాత ఎవరూ "మీకు నచ్చిన చోటే చూశారు" అనలేరు.

పాయింట్ వెళ్ళి బండ మీద పడిందా? బండ అనే రాయండి, సున్నా అని రాయండి. పక్కకి జరపొద్దు. ఆ బండని కూడా హెక్టార్లలో కలిపే బిల్లు అయింది.

5. పర్మిషన్ లేకుండా లోపలికి వెళ్ళొద్దు

రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్ళడం 1967 అటవీ చట్టం కింద నేరం, అభయారణ్యం అయితే 1972 వన్యప్రాణి చట్టం కూడా తగులుతుంది. అమ్రాబాద్, కవ్వాల్, నాగార్జునసాగర్-శ్రీశైలం లాంటి టైగర్ రిజర్వుల్లో ఈ పని సొంతంగా అస్సలు పెట్టుకోవద్దు. ఆర్టీఐ ఇన్‌స్పెక్షన్ లెటర్ గానీ, రేంజ్ ఆఫీసర్ గారి రాతపూర్వక అనుమతి గానీ తీసుకోండి, వాళ్ళ మనిషి తోడొస్తానంటే రానివ్వండి, మంచిదే, పాయింట్లు మాత్రం మీ లిస్టు ప్రకారమే. వన సంరక్షణ సమితి ఉంటే వాళ్ళని కలుపుకోండి. ఏజెన్సీ ఊళ్ళల్లో గ్రామసభలో చెప్పి వెళ్ళండి, అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 5 కింద అడవిని కాపాడే అధికారం గ్రామసభకి ఉంది, ఆ తీర్మానం మీ దగ్గరుంటే చాలా బలం.

డ్రోన్ ఎగరేయొద్దు. ఎండాకాలంలో అగ్గిపెట్టె, బీడీ జేబులో ఉన్నవాళ్ళని తీసుకెళ్ళొద్దు. బూట్లు వేసుకోండి, చేతికర్ర పట్టుకోండి.

ఇంకో మాట, పోడు. ప్లాంటేషన్ వేసిన భూమి మీద ఎవరిదైనా పోడు క్లెయిమ్ ఉందేమో ముందే ఊళ్ళో కనుక్కోండి. ఉంటే అక్కడ మొక్కలు ఎందుకు లేవు అన్న ప్రశ్న వెనకాల ఒక కుటుంబం తిండి ఉంటుంది, మీరు ఇచ్చే రిపోర్టు వాళ్ళ మీద కేసుగా మారకూడదు. అలాంటి చోట ముందు గ్రామసభ, తర్వాతే మీ తాడు.

6. లెక్క తీయడం

పాయింట్ దగ్గర ఒకరు తాడు కొస పట్టుకుని నిలబడాలి, ఇంకొకరు రెండో కొస పట్టుకుని చుట్టూ తిరగాలి. 11.28 మీటర్ల తాడుతో తిరిగితే వచ్చే గుండ్రం 400 చదరపు మీటర్లు, అంటే హెక్టారులో 25వ వంతు. 3×3 మీటర్ల ఎడంలో నాటితే హెక్టారుకి 1,111 మొక్కలు, మీ గుండ్రంలో సుమారు 44 గుంతలు కనపడాలి. 4×4 అయితే హెక్టారుకి 625, గుండ్రంలో 25.

నైలాన్ తాడు సాగుతుంది, ప్రతి మూడు నాలుగు పాయింట్లకి టేపు పెట్టి కొలుచుకోండి, 30 సెంటీమీటర్లు సాగినా విస్తీర్ణం 5 శాతం పెరిగిపోతుంది. వాలులో తాడుని నేలకి ఆనించకుండా అడ్డంగా సమంగా పట్టుకోవాలి. సరిగ్గా గీత మీద పడ్డ మొక్కల్ని ఒకటి లెక్కపెట్టి ఒకటి వదిలేయండి. లెక్కపెట్టిన ప్రతిదానికీ సుద్దతో గుర్తు పెట్టండి, లేకపోతే తుప్పల్లో అదే మొక్కని రెండోసారి లెక్కపెడతారు.

ప్రతి గుండ్రంలో ఇవి విడివిడిగా రాయాలి: మొత్తం గుంతలు, నాటిన మొక్క బతికున్నవి, ఎండినవి, ఖాళీ గుంతలు, సహజంగా మొలిచినవి, ఎత్తు (మోకాలు, నడుం, తల పైన, ఇంత చాలు), చచ్చినవాటికి కనపడే కారణం.

బతికుందో లేదో తేల్చడం ఎలా అంటారా, ఆకుల్ని చూసి చెప్పొద్దు. గోరుతో బెరడు మీద చిన్నగా గీకండి, లోపల పచ్చగా తడిగా ఉంటే బతికున్నట్టే. పొడిగా గోధుమరంగులో ఉంటే అక్కడితో ఆగకుండా కిందకి దిగి మొదలు దగ్గర ఇంకోసారి గీకండి, పైన మొత్తం ఎండినా మొదట్లోంచి చిగురేసే టేకు మొక్కలు చాలా ఉంటాయి. మొదలు దగ్గర కూడా పొడిగా ఉంటేనే చచ్చినట్టు రాయండి. ఎండిన మొక్క దొరికితే మొదలు చుట్టూ మట్టి వేళ్ళతో కొంచెం తీసి చూడండి, నర్సరీ పాలిథీన్ కవరు తీయకుండా అలాగే పాతిపెట్టి ఉంటే అంచు కనపడుతుంది, వేళ్ళు లోపలే చుట్టలు చుట్టుకుని ఉంటాయి. అది వాన లేక చచ్చిన మొక్క కాదు, నాటిన తీరు వల్ల చచ్చిన మొక్క. దగ్గరగా ఫోటో తీసి, మట్టి మళ్ళీ కప్పేయండి.

సహజంగా మొలిచిన వాటిని నాటినవాటితో కలపడం రెండు వైపులా జరిగే తప్పు. మోదుగు, తునికి, చండ్ర పాత మొద్దుల నుంచి వాటంతటవే వస్తాయి, నర్సరీ లిస్టులో ఆ పేర్లు లేకపోతే అవి నాటినవి కావు. నాటినవి వరసలో ఉంటాయి, చుట్టూ గుంత ఆనవాలు, నీరు నిలవడానికి చేసిన పళ్ళెం ఉంటాయి. అనుమానం వస్తే "అనుమానం" అనే ఒక గడి పెట్టుకుని అందులో వేయండి, బలవంతంగా ఇటో అటో తోయొద్దు. అలాగే మట్టి తాజాగా ఉన్న కొత్త గుంతలు, లేత మొక్కలు మధ్యమధ్యలో కనపడితే అవి చచ్చినవాటి బదులు నాటినవి కావచ్చు, అది మంచి పనే, ఎప్పుడు నాటారో జర్నల్‌లో ఉందో లేదో చూడండి చాలు.

7. రెండు శాతాలు, ఒకటి కాదు

ఉదాహరణకి 10 గుండ్రాలు, 3×3 ఎడం. ఉండాల్సిన గుంతలు 444. మీకు కనపడ్డ గుంతలు 390, బతికిన మొక్కలు 214 అనుకుందాం. గుంతల మీద లెక్కేస్తే 55 శాతం, మంజూరైన లెక్క మీద వేస్తే 48 శాతం. రెండూ రాయండి. మొదటిది మొక్కని ఎలా చూసుకున్నారో చెప్తుంది, రెండోది కాగితం మీద రాసిన పని ఎంత జరిగిందో చెప్తుంది. ఎక్కువ భయంకరంగా కనపడే నంబరు ఒక్కటే రాసి రెండోది దాస్తే మీకూ దొంగ లెక్క రాసేవాళ్ళకీ తేడా ఉండదు.

ఇది అంచనా మాత్రమే. డిపార్ట్‌మెంట్ వాళ్ళు 60 అని మీరు 55 అని ఉంటే గొడవ ఏమీ లేదు, వాళ్ళది సరైన లెక్కే అనుకోవచ్చు. వాళ్ళు 85 అని మీకు 50 లోపు వస్తే అప్పుడు మాట్లాడాలి.

8. ఇవ్వబోయే ముందు చెక్ చేసుకోండి

- ఏవైనా రెండు గుండ్రాలు ఇంకో టీమ్ చేత, మీ లెక్క చూపించకుండా, మళ్ళీ తీయించండి. రెండు మూడు మొక్కల తేడా మామూలే, పది తేడా వస్తే ఎవరో ఒకరు పద్ధతి తప్పారు, ఆగి సరిచేసుకోండి.
- ఎండాకాలంలో తీసిన లెక్క అయితే వానలు పడ్డాక ఓసారి ఆ రెండు గుండ్రాలే చూడండి, మళ్ళీ చిగురేసినవి తెలుస్తాయి.
- అన్ని పాయింట్లూ నిజంగా హద్దు లోపలే పడ్డాయా అని ఇంటికొచ్చి మ్యాపు మీద చూడండి. చెట్ల కింద ఫోన్ జీపీఎస్ 5-10 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, అంచుల్లో పడ్డ పాయింట్ అయితే మీదో పక్క కంపార్ట్‌మెంట్‌దో తేలదు.
- నిప్పు వల్ల పోయాయి అని జవాబు వస్తే శాటిలైట్‌కి కనపడ్డ మంటల్ని చూపించే నాసా ఫర్మ్స్ మ్యాపులో ఆ తేదీల్లో అక్కడ మంట నమోదైందా చూడండి. చిన్న మంటలు అందులో పడకపోవచ్చు, కాబట్టి లేదు అంటే అబద్ధం అని కాదు, ఉంటే మాత్రం వాళ్ళ మాటకి బలం ఉన్నట్టే.

9. ఎవరికి ఇవ్వాలి

ముందు డీఎఫ్ఓ గారికే, రాతపూర్వకంగా, రెండు వారాలు టైమిచ్చి "మీ వివరణ ఏంటి" అని అడగండి. చాలాసార్లు జవాబులో మీకు తెలియని విషయం ఉంటుంది, సైటు మార్చారనో, కొంత భాగం రద్దయిందనో, వాచర్ డబ్బు ఆగిపోయిందనో. ఆ జవాబుని మీ రిపోర్టులో కోత లేకుండా పెట్టండి. బీటు ఆఫీసర్ పేరు రాసి నిందించొద్దు, ఎన్ని బీట్లు ఆయన మీద ఉన్నాయో మీకు తెలీదు, పని గురించి రాయండి.

జవాబు రాకపోతే పీసీసీఎఫ్ (రాష్ట్ర అటవీ శాఖ పెద్ద అధికారి) ఆఫీసుకి, స్టేట్ కంపాకి, కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ ఆఫీసుకి పంపండి (తెలంగాణకి హైదరాబాద్‌లో, ఆంధ్రాకి విజయవాడలో ఉంది). ప్రాజెక్టు పర్మిషన్ కండిషన్ తప్పినట్టు కాగితంతో సహా ఉంటే ఈ ప్రాంతీయ ఆఫీసే సరైన చోటు. కోర్టు దాకా వెళ్ళాల్సిన విషయం అయితే మన రెండు రాష్ట్రాలకీ గ్రీన్ ట్రిబ్యునల్ చెన్నై బెంచ్, అక్కడ మామూలుగా ఆరు నెలల గడువు ఉంటుంది కాబట్టి లాయర్‌ని ముందే కలవండి, ఆర్టీఐ అప్పీళ్ళు అయ్యేదాకా ఆగితే గడువు దాటిపోవచ్చు.

ఊళ్ళో కూడా చదివి వినిపించండి. ఉపాధి హామీ పనుల మీద సోషల్ ఆడిట్ మన దగ్గర 2006 నుంచే జరుగుతోంది, ఊరందరి ముందు మస్టర్ చదివితే ఏం జరుగుతుందో మన జనానికి బాగా తెలుసు, అడవి పనులకి కూడా అదే పద్ధతి పెట్టుకోవడంలో తప్పేం లేదు. ప్లాంటేషన్ బాగుందని తేలినా అలాగే చదవండి, అక్కడ కాపలా ఉన్న వాచర్ పేరు ఆయన ఒప్పుకుంటే చెప్పి చదవండి.

పాయింట్ల లిస్టు, గుండ్రాల షీట్లు, ఒరిజినల్ ఫోటోలు మాత్రం పారేయొద్దు. వచ్చే ఏడాది అదే నెలలో అవే పాయింట్లకి మళ్ళీ వెళ్ళాలి, ఈసారి ఆర్టీఐలో అడగాల్సింది ఆ ఒక్క ఏడాది మెయింటెనెన్స్ కాగితాలే కాబట్టి పని సగానికి తగ్గుతుంది.